ఏడో కొక్కెం

హామర్‌ఫెస్ట్‌లో మే నెల సగం దాటితే
పొద్దు గూకడం మానేస్తుంది.
కిటికీకి నల్లగుడ్డ మేకులతో బిగించినా
ఏదో ఒక చిల్లు వెతుక్కుని
సూదిలా లోపలికొస్తుంది వెలుగు.
జులై దాకా మా వీధిలో
ఎవరి కళ్లకిందా చర్మం తిన్నగా ఉండదు.

పైవాటాలో తూర్‌బ్యోర్గ్.
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు
కాడ్ చేపల్ని నిలువునా చీల్చిన మనిషి.
మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒట్టి చెక్క.
ఆమె చెంచా జారిపడితే నాకు తెలుస్తుంది.
ఆమెకు కునుకు పట్టకపోతే
నాకూ పట్టదు.

మనవరాలు సున్నీవ వచ్చి
ఫోన్లో ఏదో ఎక్కించి వెళ్లింది.
రాత్రి పదకొండుకి, సూర్యుడింకా రేవు మీదే నిలబడి ఉండగా
ఒక మగగొంతు మొదలవుతుంది,
పాలలో నానిన రొట్టెలా.
"కళ్లు మూసుకోండి. మీరిప్పుడు వెచ్చని ఇసుకలో..."
"ఊ" అంటుంది తూర్‌బ్యోర్గ్.

మొదటి రాత్రి నాకు నవ్వొచ్చింది.
చెప్పేవాడు అక్కడ లేడు.
ఏ ఊళ్లోనో, ఏ గదిలోనో కూర్చుని
ఎప్పుడో చెప్పేసి, డబ్బు తీసుకుని
ఇంటికెళ్లి పడుకున్నాడు.
అతనికి ఊ అక్కర్లేదు.
ఈమె మాత్రం కొడుతూనే ఉంది,
ఎదుటిమనిషి మాట నేల మీద పడనివ్వకూడదన్నట్టు.

"కాలివేళ్లు వదులు చేయండి."
ఊ.
"మడమలు. పిక్కలు. మోకాళ్లు."
ఊ. ఊ.
మోకాళ్ల దగ్గర కొంచెం ఆలస్యంగా, ఊ.
"ఇప్పుడు మీ చేతులు..."
ఇక్కడ ఆగిపోతుంది.
ప్రతి రాత్రీ ఇక్కడే.
మంచం కిర్రుమంటుంది. కుళాయి తిరుగుతుంది.
ఆ గొంతు ఖాళీ మంచానికి
భుజాలూ మెడా నుదురూ వదులు చేసుకోమని చెబుతూ పోతుంది.

ఒకసారి మెట్ల మీద అడిగాను.
కుడిచెయ్యి చూపించింది.
నాలుగువేళ్లూ సగం ముడుచుకుని,
మధ్యలో ఒక పిడి పట్టేంత ఖాళీ.
"వీడు ఇసుక అంటాడు, ఎయిలిఫ్.
వెచ్చటి ఇసుక నేనెప్పుడు తొక్కాను?
చేతులు వదిలెయ్యమంటాడు.
కత్తి ఎక్కడ పెట్టాలో చెప్పడు."

జూన్ మూడోవారంలో ఒక రాత్రి
ఆ గొంతు రాలేదు.
చార్జింగ్ అయిపోయిందేమో.
కాసేపటికి ఆమె గొంతే, బొంగురుగా, తనకి తనే:

"బెల్లు కొట్టారు.
బెల్టు ఆగింది. రెండో బెల్టూ ఆగింది.
ఐసు మిషను చివరిసారి దగ్గి ఊరుకుంది.
కత్తిని నీళ్లలో ముంచు. తుడువు.
గోడకున్న ఏడో కొక్కేనికి తగిలించు.
తగిలించావా?
ఎడమచేతి తొడుగు.
కుడిచేతి తొడుగు.
ఏప్రన్ ముడి తడిసి బిగుసుకుంది,
తొందరేం లేదు, గోటితో లాగు.
బూట్లలోంచి కాళ్లు తియ్యి.
మాగ్‌హిల్డ్ గొట్టంతో నేల కడుగుతోంది.
పొలుసులు కాలవలోకి పోతున్నాయి.
పోతున్నాయి..."

ఒక్కో మాట తర్వాతా చిన్న ఖాళీ ఉంచుతోంది.
ఎవరిదో ఒక ఊ పట్టేంత.

గ్యాస్ ప్లాంటులో ముళ్లు చూసి
అంకెలు రాసుకునేవాణ్ణి నేను.
యాభై రెండేళ్లు. నాకు కథ చెప్పినవాళ్ల ముఖాలు కూడా
సరిగ్గా గుర్తులేవు.
గొంతు సవరించుకుని
చెక్కల వైపు, కొంచెం గట్టిగానే,
"ఊ" అన్నాను.

పైన చప్పుడు లేదు.
తిట్టిపోస్తుందనుకున్నాను.

"గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెయ్యి ఊపు" అంది,
ఇంకాస్త నెమ్మదిగా.
"ఊ."
"బయట మంచు. జనవరి మంచు. మంచి చీకటి."
"ఊ."
"వీధిదీపాలు లెక్కపెట్టకు. ఇల్లు దగ్గరే..."

తర్వాత ఏం చెప్పిందో నాకు తెలీదు.

పొద్దున మెట్ల మీద ఎదురై
రొట్టె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ
"సగంలో ఊ ఆపేశావు" అంది కోపంగా.
"తాళం తీసి వెనక్కి చూస్తే నువ్వు లేవు."
రెండు మెట్లు ఎక్కి ఆగి,
"ఇవాళ కూడా పదకొండుకే. తొందరగా తినేసి పడుకో."